బస్సు కోసం తీసేసిన రీలు

మొన్న ఖమ్మంలో, ఖానాపురం హవేలిలోని మా కూతురింట్లో టీవీ పెడితే, ముప్ఫై అయిదేళ్ల కిందట నా పరువు తీసిన సినిమా వస్తోంది. ఊరంత వ్యోమనౌక ఆకాశంలో ఆగడం, సముద్రం దాని వైపు నిలువునా లేవడం చూడగానే పోల్చుకున్నాను.

అప్పట్లో నేను చర్లలో పంతులుగా పనిచేస్తూ మేనమామ ఇంట్లో ఉండేవాణ్ణి. సినిమా చూడాలంటే బస్సెక్కి భద్రాచలం వెళ్లాలి. మోకాళ్ల నొప్పులతో మా అత్త బస్సెక్కలేకపోయేది కాబట్టి, చూసొచ్చినవాడు సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆమెకు కథ చెప్పాలి. ఇరుగుపొరుగువాళ్లు, ఇప్పపువ్వు అమ్ముకొని తిరిగి వెళ్లే కోయవాళ్లు కూడా ఆగి వినేవారు. చెప్పేది నేనే. బాగా చెబుతానన్న పేరు తప్ప ఆ ఊళ్లో నాకింకేమీ లేదు.

మ్యాట్నీ ఆలస్యమైతే చర్ల బస్సు పోతుందని మావాళ్లే హాల్లో ‘బస్సు, బస్సు’ అని అరిచేవాళ్లు, ఆపరేటరు ఒక రీలు పక్కన పెట్టేవాడు. ఓడలు పేలే రీలు ముట్టుకోడు, మనుషులు కూర్చుని మాట్లాడుకునేదే తీస్తాడు. అలా ఈ సినిమా చూసిన రోజు, నౌక మీద బాంబులు వేయించిన సైన్యాధికారి మరుక్షణమే దానికి చెయ్యి ఆనించి ఏడుస్తుంటే, ఎందుకేడుస్తున్నాడో తెలియకుండానే మేమంతా బస్సుకు పరుగెత్తాం.

ఇంటికొచ్చి చూసింది చూసినట్టే చెప్పాను. సముద్రం లేచినప్పుడు మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కొడుకు, మా బావ, ఖమ్మంలో అదే సినిమా పూర్తిగా చూసొచ్చి ఉన్నాడు, చివరిదాకా ఊరుకొని అప్పుడడిగాడు.

“గట్లనా బామ్మర్దీ, మరి ఆ ఆఫీసరు ఎందుకేడ్చిండు?”

“ఏమో బావా, మాకు చూపియ్యలే.”

“చూపియ్యకేంది! ఫ్యాన్ కింద మంచిగ నిద్రపట్టింది పంతులుకు. ఏందమ్మా, ఈయనతోని కథ చెప్పించుకుంటున్నవ్?”

అరుగంతా నవ్వింది. అత్త కూడా నవ్వింది, అది మాత్రం నేను మరిచిపోలేదు. బావ అసలు సంగతి మొదలుపెట్టగానే లేచి వెళ్లిపోయాను, ఇన్నేళ్లూ ఎవరినీ అడగలేదు కూడా. ఆ తర్వాత అత్త కథల కోసం బావ రాకకే ఎదురుచూసేది.

మొన్న చూశాను. అప్పుడు తీసేసిన రీల్లో నౌకలోంచి ఒక గొంతు పలుకుతుంది, అది ఆ అధికారి చిన్నతనంలో అంతరిక్షంలో తప్పిపోయిన తండ్రిది. టీవీలో సముద్రం బిందెడు నీళ్లలా ఉంది గానీ, ఆ ఇద్దరి మాటలు వింటూ టీవీకి దగ్గరగా జరిగాను. సినిమా అంతా ఆ రీల్లోనే ఉంది. వెంటనే బావకు ఫోన్ చేశాను.

“నేను నిద్రపోలే బావా, రీలు తీసేసిన్రు!”

“ఏ రీలు? జల్దీ చెప్పు, దవాఖానాల ఉన్న.”

ఆయనకు సినిమా గుర్తులేదు, అరుగూ గుర్తులేదు. పోనీ మనవరాలికి చెబుదామని నోరు తెరిస్తే చెవులు మూసుకుంది.

“చెప్పకు తాతా, నేను చూస్తా!”

మా అత్త పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఎవరి ఫోన్లో వాళ్లకు సినిమా మొత్తం వస్తుంది, చూడనివాళ్లకు చెప్పడం తప్పయింది. ఆ అధికారి ఎందుకేడ్చాడో తెలుసుకొని, నేనొక్కణ్ణే టీవీ ముందు కూర్చున్నాను.