కాళ్ళు కడుక్కోవద్దన్న రోజు

మా హిస్టరీ మేడం పోయారన్న కబురు నాకు బాపట్ల బస్సులో తెలిసింది. ఆ బస్సు కండక్టరు ఒకప్పుడు మా క్లాసువాడే. ఎప్పుడు కనిపించినా, ఏంటి టీచరమ్మా, ఇవాళెవర్ని ఏడిపించావు అని ఎగతాళి చేస్తాడు. ఆ పొద్దున మాత్రం టిక్కెట్టు చింపి చేతిలో పెట్టి, సీటు కడ్డీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "మేడం పోయారంట. తెనాలిలోనే, తెల్లారుజామున," అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఉద్యోగం, సంసారం ఉన్నదాన్ని, ఇప్పుడు నాకు దేనికి భయమో ఆ క్షణాన అర్థం కాలేదు. మాకోసం మాకంటే ఎక్కువ భయపడే మనిషి ఇక లేదు, అందుకేనని ఇది రాస్తుంటే తెలుస్తోంది.

మేడం రోజూ తెనాలిలో రేపల్లె పాసింజరెక్కి, రేపల్లెలో దిగి మళ్ళీ బస్సు పట్టుకుని మా కాలేజీకి వచ్చేవారు. కాలేజీ అంటే పెద్దగా ఊహించుకోకండి. పొలాల మధ్య రేకుల షెడ్లు, ముందొక వరండా, ఒక బోరింగు పంపు. ఎనభైల్లో ఆ ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేరినవాళ్ళంతా మాలాంటివాళ్ళే. కౌలు రైతుల పిల్లలు, కూలీల పిల్లలు, మగ్గం నేసేవాళ్ళ పిల్లలు, దర్జీ సాయిబు గారమ్మాయి. మా ఇళ్ళల్లో మాకంటే ముందు కాలేజీ మెట్లెక్కినవాళ్ళు లేరు. సైన్సు గ్రూపుకి మా మార్కులు చాలవు. తెనాలి వెళ్ళి ప్రైవేటు కాలేజీలో చేరాలంటే అక్కడి ఫీజు సంగతి మా నాన్న దగ్గర ఎత్తడానికే నాకు నోరు రాలేదు. మాకున్న దిక్కల్లా మేడం చెప్పే ఆర్ట్స్ గ్రూపు. అదేమో ఏటేటా ఊడిపోయేలా ఉండేది.

ఎందుకంటే మా కాలేజీ తెరవడం, కాలవలకి నీళ్ళొదలడం ఇంచుమించు ఒకేసారి జరిగేవి. పైవాళ్ళు పిల్లలెంతమంది చేరారని చూసే వేళకి మేం మడుల్లో వంగి నారు ఊడుస్తూ ఉండేవాళ్ళం. ఊడ్పుల కూలి చేతికొస్తేనే ఫీజు, ఫీజు కడితేనే చదువు. ఈ ముక్క పైనున్నవాళ్ళకి తెలీదు. బెంచీలు ఖాళీగా ఉన్న గ్రూపెందుకు, ఎత్తేద్దాం అని ప్రతి ఏడూ కబురొచ్చేది. గ్రూపు ఎత్తేస్తే నేను ఇక జీవితాంతం మళ్ళోనే. ఆ భయంతో నాకు అన్నం కూడా సరిగ్గా సయించేది కాదు.

మేడం ఊరికే కూర్చునే రకం కాదు. చెప్పులు చేత్తో పట్టుకుని గట్ల మీద నడిచొచ్చి, మా అమ్మతో మాట్లాడి, పూటైనా పిల్లని పంపమని ఒప్పించి వెళ్ళేవారు. అలా ఊడ్పుల్లోంచి సరాసరి క్లాసుకి వెళ్ళేవాళ్ళం. మాకోసం వరండాలో ఒక బకెట్టు, చెంబు పెట్టించారు. ఎవరూ లేకపోతే ఆవిడే బోరింగు కొట్టి నింపేవారు. కాళ్ళు కడుక్కుని కూర్చోండి, నిద్రొస్తే నిద్రపోండి, కానీ క్లాసులోనే నిద్రపోండి అనేవారు. ప్రశ్న అడిగితే నేను బిక్కచచ్చిపోయేదాన్ని. భయమేస్తే వేయనీ, నోరు మాత్రం తెరువు అని అప్పుడు నాకు చెప్పేవారు.

నేను రెండో ఏడాదిలో ఉండగా గుంటూరు నుంచి ఒక ఆఫీసరు వస్తున్నారని తెలిసింది. గ్రూపు ఉంచాలో తీసెయ్యాలో ఆయనే చూసి తేలుస్తారట. సరిగ్గా ఆ రోజే మా ఊరి పెద్ద చెక్కలో, అంటే అన్నిటికంటే పెద్ద పొలంలో, ఊడ్పులు. మేడం కబురు మీద కబురు పంపితే, సగం పని వదిలేసి పరుగున వెళ్ళాం. మోకాళ్ళ దాకా బురద. వరండాలో చూస్తే బకెట్టు బోర్లించి ఉంది.

"ఇవాళ కాళ్ళు కడుక్కోవద్దు. ఇలాగే లోపలికి రండి," అన్నారు మేడం. మేం ఎక్కణ్ణుంచి వస్తున్నామో ఆయన కళ్ళారా చూడాలని ఆవిడ ఆలోచన. మాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. అయినా ఆవిడ మాట కాదనలేక వెళ్ళి కూర్చున్నాం.

ఆఫీసరు గారు లోపలికి రాగానే ముందు మా కాళ్ళే చూశారు. ఆయన మొహం మాడిపోయింది. "ఏమండీ, బెంచీలు నింపడానికి ఊడ్పుల ముఠాని తోలుకొచ్చారా?" అని మేడాన్ని అడిగారు.

ఆయన ఇలా అనుకుంటారని మేడానికి తట్టనే లేదు పాపం. మొహంలో నెత్తురు చుక్క లేదు. గ్రూపు పోవడమే కాదు, ఈవిడ ఉద్యోగం కూడా పోతుందని నాకు అనిపించింది. ముందు బెంచీలో నేనే ఉన్నాను. ఆయన నావైపు వేలు చూపించి, ఏ మేస్త్రి పంపాడో చెప్పమన్నారు. నేను మేడం వైపు చూశాను. ఆవిడ నేల చూపులు చూస్తున్నారు. నోరు తెరువు అన్న ఆవిడ మాట అప్పుడు గుర్తొచ్చిందని రాస్తే బావుంటుంది గానీ, గుర్తు రాలేదు. లేచి నిలబడ్డానంతే.

"ఎవరూ పంపలేదండి. ఫీజు కట్టాలని ఊడ్పులకెళ్ళానండి. కట్టకపోతే చదువుండదు కదండీ," అన్నాను. ఆ పైన ఏడుపొచ్చేసింది.

వెనక నుంచి ఇప్పటి మా కండక్టరు లేచి, తనూ అంతేనన్నాడు. దర్జీ సాయిబు గారమ్మాయి లేచి, తను ఊడ్పులకి వెళ్ళలేదని, చొక్కాలకి కాజాలు కుట్టి ఫీజు కట్టానని చెప్పింది. ఒకరి వెనక ఒకరు అందరూ లేచారు. ఆయన పాఠంలో ఏవో ప్రశ్నలడిగారు. కొన్ని చెప్పాం, కొన్నిటికి దిక్కులు చూశాం. తెప్పించిన కాఫీ కూడా తాగకుండా జీపెక్కి వెళ్ళిపోయారు.

జీపు చప్పుడు వినపడనంత దూరం పోయాక మేడం కుర్చీలో కూలబడ్డారు. "నాకు చాలా భయమేసిందే. మీ అందరి కొంప ముంచాననుకున్నా," అన్నారు. తర్వాత లేచి, బకెట్టు తిప్పి, నీళ్ళు కొట్టుకొచ్చి, చెంబుతో మా కాళ్ళ మీద ఆవిడే పోశారు. నేను వెనక్కి జరిగి వద్దు మేడం, తప్పు అన్నాను. నోరు మూసుకుని కాళ్ళు పెట్టమన్నారు. ఏడాదిగా నన్ను నోరు తెరవమన్న మనిషి నోరు మూసుకోమనడం అదొక్కసారే. సగం నీళ్ళు పక్కనే పడ్డాయి.

ఆర్డరు వచ్చేదాకా ఒక్కరోజు కూడా నేను నిమ్మళంగా పడుకోలేదు. చివరికి, గ్రూపు ఈ ఏటికి ఉంచుతున్నాం అని వచ్చింది. మేం సంబరపడ్డాం. ఆవిడ మాత్రం, ఈ ఏటికే కదమ్మా అన్నారు. రిటైరయ్యాక నేను తెనాలిలో ఆవిడ ఇంటికి వెళ్ళినా, కూర్చోమనకుండానే మీ బడిలో ఈసారి పిల్లలెంతమంది చేరారని అడిగేవారు. నేను పనిచేసేది కూడా ప్రభుత్వ బడే. జూన్, జూలై వచ్చాయంటే బాపట్లలో నా గుండె కూడా అలాగే కొట్టుకుంటుంది. ఆవిడకి చెప్పుకుంటే కాస్త తగ్గేది.

మేడం పోయిన ఆ రోజు కండక్టరు డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పేసరికి మధ్యాహ్నమైంది, అప్పుడు ఇద్దరం తెనాలి వెళ్ళాం. మేం వెళ్ళేసరికి అంతా అయిపోయింది. శ్మశానం నుంచి తిరిగొచ్చినవాళ్ళు మేడం ఇంటి గేటు దగ్గర కాళ్ళు కడుక్కుని, దీపం చూసి వెళ్ళిపోయినట్టున్నారు. నేలంతా తడి. నీళ్ళయిపోయాక ఎవరో బకెట్టు బోర్లించి, దాని మీద చెంబు పెట్టి ఉంచారు. వాడు దాన్ని చూశాడు, నేనూ చూశాను. ఇలాగే లోపలికి రండి అని ఎవరైనా అంటారేమోనని, కాళ్ళు కడుక్కోకుండా ఇద్దరం ఆ గేటు దగ్గరే నిలబడిపోయాం.