ఫోన్ చూస్తూ చుట్టిన బీడీలు

తడిపి గోనెపట్టాలో చుట్టిపెట్టిన తునికాకు వాసన ఈ పొద్దున కూడా ఇల్లంతా పరుచుకుంది. దీపం పెట్టి, చాట ఒళ్ళోకి తీసుకున్నానో లేదో ఫోన్ టింగుమంది. ఫోన్‌లో ఆడే ఆటకు నా జట్టు నుంచి పిలుపు. ఆ వాసనా ఆ చప్పుడూ కలిసి వస్తే నాకు బాలవ్వ గుర్తొస్తుంది. వంగిన నడుము దానంతటదే నిటారవుతుంది.

ఈ మరాఠీ ఊళ్ళో మా తెలుగువాళ్ళుండే దాజీ పేట్‌లో, మా గోడకు ఆనుకున్న గది ఆమెది. నేను బడికి పోలేదు. అక్షరాలు అమ్మ ఇంట్లోనే దిద్దించింది, బీడీ చుట్టడం బాలవ్వ నేర్పింది. పనివాళ్ళకు బీడీ కార్ఖానా ఇచ్చే కార్డు నాకు లేదని నా బీడీలు కూడా తన కార్డు మీదే అప్పజెప్పేది. పెనిమిటి పోయాక ఆమెకున్న ఆధారం ఆ కార్డొక్కటే.

మా తమ్ముడు పాత ఫోన్ ఇచ్చిన ఏడాది నేను ఆటలో పడ్డాను. ఎక్కడెక్కడివాళ్ళమో నలుగురం ఒక జట్టు. సీరియస్‌గా ఆడతావా అని వాళ్ళడిగితే టైంపాస్ అనేదాన్ని. అబద్ధమాడుతున్నానని అనుకోలేదు. నా కొలత నాకుంది. వేళ్ళు ఫోన్ మీద ఉన్నంతసేపే ఆట. ఆటలో నేను చచ్చాక, మిగతా ముగ్గురూ ఆడుతుంటే చూస్తూ బీడీలు చుట్టినంతసేపూ పని కిందే లెక్క. చేతికి వచ్చిన పనికి కళ్ళతో ఏం అవసరం అనుకున్నాను.

ఒక శనివారం కార్ఖానాలో మా వంతు వచ్చింది. బీడీలు చూసి తీసుకునే చెకర్ మా కట్ట విప్పి, రెండింటిని వేళ్ళ మధ్య నొక్కాడు. మెత్తగా అణిగిపోయాయి. ఇంకొకటి చింపాడు. లోపల తంబాకు లేదు. ఉత్త ఆకును చుట్టి దారం కట్టేశాను. అవి ఎవరి చేతివో నాకు తెలుసు, బాలవ్వకూ తెలుసు. నేను చింపిన ఆకు వైపే చూస్తూ నిలబడ్డాను.

"కండ్లు మసకైతున్నయి సాబ్," అంది బాలవ్వ.

కళ్ళు కనబడనిదానికి కార్డెందుకని అతను మరాఠీలో విసుక్కున్నాడు. వచ్చే శనివారం ఒక్క కట్ట ఇట్లా వచ్చినా కార్డు గుంజుకుంటానన్నాడు.

ఇంటికొచ్చాక బాలవ్వ నన్ను తన ఎదురుగా కూచుని ఫోన్‌లో ఆట ఆడమంది. ఇప్పుడా అంటే ఇప్పుడే అంది. ఫోన్ తీసి మొదలుపెట్టాను. నడుమ ఉన్నట్టుండి, ఇక బంద్ చెయ్యమంది.

"జర ఆగవ్వా. నేను నడుమల పోతే ముగ్గురు ఆగమైతరు."

"మరి సచ్చినంక బంద్ జేస్తవా?"

"సచ్చినంక... వాళ్ళు గెలుస్తరా లేదా సూడాలె గద."

ఆమె తిట్టలేదు, నవ్వింది. ఆ నవ్వుకే నాకు ఏడుపొచ్చింది.

"మరి టైంపాస్ అంటవేందే పిచ్చిదానా? సగం చుట్టిన బీడీ కింద పెడితే విచ్చుకుంటది, పెట్టరాదు. నీ ఆట గూడ గంతే, అదీ పనే. పనిని పని అని ఒప్పుకోకపోతే, అది ఇంకో పనిల దూరి దొంగతనం జేస్తది. దానికో యాళ్ల పెట్టు బిడ్డా."

ఆ వారం పనయ్యేదాకా ఫోన్ దేవుడి అర కింద బోర్లా పెట్టాను. సాయంత్రం ఆడాను. చచ్చాక చూసిన సేపును కూడా ఆటలోనే కలుపుకున్నాను. ఎంతసేపో తెలిసి నాకే భయమేసింది.

శనివారం చెకర్ ఒక కట్ట విప్పాడు, రెండోది విప్పాడు. నేను మార్కండేయ స్వామిని తలచుకుంటూ నిలబడ్డాను. మూడోదాంట్లో ఒక బీడీ నొక్కి, మళ్ళీ నొక్కి, ఆకు చప్పుడు వింటూ చెవి దగ్గర తిప్పాడు. ఇక ఆగలేక, పోయిన వారంవి నావని చెప్పబోయాను. బాలవ్వ నా చెయ్యి గిల్లింది. అతను తల ఎత్తకుండానే కార్డు మీద ముద్ర వేసి ఇటు తోశాడు.

బాలవ్వ పోయి ఏడాది దాటింది. ఇప్పుడు కార్ఖానా కార్డు నా పేరు మీదే ఉంది. రోజూ దీపం పెట్టేటప్పుడు అమ్మ పేరు తర్వాత ఆమె పేరే తలుచుకుంటాను. ఈ పొద్దున పిలిచింది జట్టులోకి కొత్తగా వచ్చిన పిల్ల. అక్కా, నువ్వు సీరియస్సా టైంపాసా అని అడిగింది. సీరియస్సే, కానీ సాయంత్రమే వస్తా అని రాశాను. ఫోన్ బోర్లా పెట్టి, చుట్టిన మొదటి బీడీని వేళ్ళ మధ్య నొక్కి చూశాను. గట్టిగానే ఉంది.