పటంలో లేని మా మందిరం

సహోదరులారా, ఈ ముసలి నోట్లో ఇంకా ఊపిరి ఉంచిన దేవునికే మహిమ! తెలంగాణ కోసం రోడ్లన్నీ బంద్ అయిన రోజుల్లో, బస్సుల్లేక దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీనగర్ దాకా నడిచి నడిచి మోకాళ్లు అరిగిన నా నెత్తిన మరో కబురు పడింది. రోడ్డు వెడల్పు చేయడానికి మా ఊరి చిన్న ప్రార్థన మందిరాన్ని కూల్చేస్తారట, పాత పటంలో అక్కడున్నది ఖాళీ జాగా అట! అలసిపోయాను, దేవుని మీద కూడా అలిగి పడుకున్నాను.

కొలతల కోసం వచ్చిన కోస్తా కుర్రాడిని చూడగానే మాత్రం నా నోరు ఆగలేదు. "నవాబు గుర్రం దిగి పునాది రాయి పెట్టిండు సార్, వేలమంది చూసిండ్రు!"

"మరి పటం గీసినోళ్లకు ఒక్కరికీ కనపడలేదా తాతగారూ?" అని నవ్వాడు. "రేపు పెద్దసారు వస్తారండి. ఇలాంటివి చెప్తే మీరు చెప్పే నిజం కూడా నమ్మరు."

సాయంత్రం కుంటుతూ మందిరానికి వెళ్లి మోకరించాను. "ప్రభువా, గిది పోతే మా అమ్మ మోకరించిన జాగ పోతది. జర నా నోరు నువ్వే పట్టుకో."

మర్నాడు పెద్దసారుకు ఉన్నదున్నట్టు చెప్పాను. నవాబూ రాలేదు, గుర్రమూ రాలేదు, మా వాడ కూలీలే మట్టి తొక్కి గోడలు పెట్టారు. ఏటా క్రిస్మస్‌కు ముందు పాత తాటాకు కప్పు మొత్తం విప్పి కొత్తది వేస్తారు, పటం గీసేవాళ్లు ఆ విప్పిన రోజే వచ్చారట. మొండి గోడల మధ్య మేకలు నిలబడి ఉంటే వాళ్లు చూసి పోయారు, ఇది మా దేవుని ఇల్లని దొరల ముందు చెప్పడానికి మావాళ్లకు నోరు రాలేదు. ఇదంతా అమ్మ నాకు చెప్పిన మాట.

పక్కింటి యాదమ్మ పూలబుట్ట దించింది. ఆమె మా మతం కాదు. "ఔ సారూ, నా పెండ్లినాడు వానొస్తే గా చర్చిలనే బంతి భోజనాలు పెట్టిండ్రు. గీ ముసలోడు మస్తు కోతలు కోస్తడు గని, గీ మాట నిజం!"

అందరూ నవ్వారు, పెద్దసారు కూడా. తర్వాత కుర్రాడి వైపు తిరిగి, "ఖాళీ జాగా కాదు, మందిరం అని రాయి" అన్నాడు. స్తోత్రం!

రోడ్డే వంగి పక్కకు పోయిందని చెప్పాలని నాలుక దురద పెడుతోంది. వంగలేదు. వరండా పోయింది, లోపలి గది మిగిలింది. ఆ దేవుణ్ని నమ్మండి, సహోదరులారా, ఆయన గొప్పతనానికి నా కోతలు అక్కరలేదు. ఆదివారం రండి. కాస్త ముందుకొచ్చి కూర్చోండి, లారీల మోతకు వెనక వాక్యం వినపడదు.