నాంపల్లి నుంచి ఆబిడ్స్‌కు, లేని వరండా గుండా

మా మేనత్త రూతమ్మకు నీటికాసుల వల్ల చూపు పూర్తిగా పోయిన రెండేళ్లకు ఇంట్లో ఒక పంచాయతీ మొదలైంది. ప్రతి ఆదివారం ఆబిడ్స్‌లో ఉన్న స్నేహితురాలు సరోజమ్మ ఇంటికి వెళ్లాలని ఆమె కోరిక, అదీ ఒంటరిగా. నాన్న ససేమిరా అన్నాడు. అత్త పట్టు వదల్లేదు. ఆ దారిలోని ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో సగం జీవితం పాఠాలు చెప్పిన మనిషి, కీబోర్డు వంక చూసిన పిల్లల వేళ్ల మీద స్కేలుతో కొట్టిన మనిషి. చూపు లేకపోతే నడవలేవంటే ఒప్పుకుంటుందా? చివరికి ఒప్పందం కుదిరింది. నాంపల్లి స్టేషన్ నుంచి సరోజమ్మ గడప దాకా ఒక్కసారి ఎవరి సాయమూ లేకుండా చేరితే ఇక ఎవరూ అడ్డు చెప్పకూడదు. చేరలేకపోతే అత్త ఆ మాట మళ్లీ ఎత్తకూడదు. సాక్షిగా నన్ను వెంట పంపారు.

ఎంఎంటీఎస్ రైళ్లు కొత్తగా వచ్చిన రోజులవి. చర్చిలో మొదటి ఆరాధన కాగానే సికింద్రాబాద్‌లో ఎక్కాం. టికెట్టు ఒక చాయ్ ఖరీదు కన్నా కాస్త ఎక్కువ, అంతే. బేగంపేట, ఖైరతాబాద్, లక్డీకాపూల్ మీదుగా అరగంట పైచిలుకులో నాంపల్లి చేరుస్తుంది. ఆదివారం పొద్దున కాబట్టి కిటికీ పక్క సీటు సులభంగా దొరికింది. స్టేషన్ బయట చాయ్ తాగి గ్లాసు కింద పెట్టాక అత్త నావైపు తిరిగింది.

"నేను పిలిచేదాక మాట్లాడకు, చెయ్యి పట్టకు. ఎనక రా, గంతే."

చేతికర్ర తెచ్చుకోలేదు. తెలిసిన తొవ్వకు కర్ర ఎందుకని ఇంట్లోనే అంది. గేటు దాటి ఆబిడ్స్ వైపు తిరిగింది. మొదటి కొంత దూరం చూస్తే నాన్న కూడా ముచ్చటపడేవాడు. కరెంటు స్తంభం దగ్గర పక్కకు జరిగింది, వాలు మొదలైన చోట అడుగు తగ్గించింది. షట్టర్లన్నీ మూసి ఉన్నాయి. వారమంతా మనిషిని మనిషి తోసుకునే ఆ దారిలో పావురాల రెక్కల చప్పుడు వినిపిస్తోంది. నాకెందుకో అప్పటికే ఏదో బాగా లేదనిపించింది.

మలుపు దాటాక అర్థమైంది. అక్కడి నుంచి దుకాణాల ముందు పొడవాటి వరండా ఉండేది. చిన్నప్పుడు అత్త వేలు పట్టుకుని దాని కిందే నడిచేదాన్ని. ఆమె క్లాసు కూడా ఆ వరుసలోనే. ఏడాది కిందట రోడ్డు వెడల్పు చేసినప్పుడు వరండానూ, దాని వెనక గదులు సగానికి పైగానూ కొట్టేశారు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అత్తకు చెప్పాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు అత్త తిన్నగా, ఏ తొట్రుపాటూ లేకుండా, రోడ్డు మధ్యలోకి నడుస్తోంది.

మెట్టు ఉండే చోట కాలెత్తింది. ఆ కాలు గాలిలోంచి దిగి మళ్లీ తారు మీదే ఆనింది. ఒక్క క్షణం ఆగి, బండలు తీసేసి ఏదో పోసినట్టున్నరని తనలో తాను అనుకుంటూ ముందుకు సాగింది. కొంత దూరానికోసారి కొంచెం పక్కకు ఒరిగి మళ్లీ దారిలోకి వస్తోంది. అలా ఎందుకో నాకు తర్వాత తట్టింది. స్తంభాలను తప్పించుకుంటోంది. ఒక్క స్తంభమూ లేని చోట ఆమె వాటిని ఒక్కొక్కటిగా తప్పించుకుంటుంటే నేను ఆగిపోయాను. పిలిస్తే ఒప్పందం చెడుతుంది, ఆమె ఇక ఇల్లు దాటదు. పిలవకపోతే ఏదో ఒక బండి వస్తుంది.

బండి వచ్చింది కూడా. వెనక నుంచి వచ్చిన ఆటో మెల్లగా నా పక్కన ఆగింది. ఆమెకు కనపడదా అని డ్రైవరు అడిగాడు. తలూపాను.

"మరి నువ్వు గట్ల చూస్కుంట నిలవడ్డవేంది?" అన్నాడు.

అతను ఇంకేమీ అడగకుండా ఆటోను రోడ్డుకు అడ్డంగా పెట్టి దిగి నిలబడ్డాడు. అప్పుడే అత్త ఆగింది. అరచేతిని నెత్తి మీద పెట్టుకుంది.

"బిడ్డా, నేను వరండాల ఉన్న గదా. ఎండ ఎక్కడిది?"

వరండా లేదని చెప్పాను. రోడ్డు వెడల్పు చేశారని, అంతా కొట్టేశారని చెప్పాను. ఆమె ముఖంలో భయం చూడటం నాకు అదే మొదటిసారి.

"మరి గింత సేపు నేను ఎక్కడ నడిచిన?"

"రోడ్డు నడిమిట్ల, అత్తా."

గోడ దగ్గరికి తీసుకుపొమ్మంది. కొట్టేయగా మిగిలిన గోడ అది. లోపలి నీలం సున్నం ఎండకు వెలిసిపోయి ఉంది, సగం గూడు బయటికి కనిపిస్తోంది. అత్త గోడ తడుముతూ పోయి ఒక చోట ఆగింది. అక్కడ వరసగా మేకులున్నాయి. వేళ్లతో వాటిని ఒక్కొక్కటీ తాకింది. టైపు మిషన్ల మీది రెక్సిన్ తొడుగులను తన పిల్లలు వీటికే తగిలించేవారని చెప్పింది.

"గిది బయటి గోడ కాదు. నా క్లాసు ఎనక గోడ. మనం క్లాసులనే ఉన్నం."

వెనక్కి తిరిగి చూశాను. ఆమె బల్ల ఉండాల్సిన చోటు గుండా ఎవరో సైకిల్ మీద వెళ్తున్నారు. ఇంటికి పోదామా అని అడిగాను. నాన్నకేం చెబుతావని ఎదురు ప్రశ్న వేసింది. తెలియదన్నాను.

"ఇంకా చేరనే లేదు గదా, చెప్పనీకి ఏముంది? స్టేషన్ కాడికి వాపస్ పోదాం. మళ్లా మొదలు పెడ్త."

వెనక్కి వెళ్లాం. రెండోసారి ఆమె మూసిన షట్టర్ల మీదా తెగిన గోడల మీదా అరచెయ్యి ఆనించి, చాలా నెమ్మదిగా నడిచింది. మేకులు తగిలాక ఆగి ఊపిరి పీల్చుకుంది. అక్కడి నుంచి సందు వచ్చేదాకా గోడ విడవలేదు. సరోజమ్మ తలుపు తీసి, అన్నం చల్లారిపోయింది ఎక్కడున్నరని కసిరింది. అత్త నల్లబడ్డ అరచెయ్యి చూపించి నీళ్లడిగింది. ఆ సాయంత్రం నాన్నతో, చేరిందని మాత్రం చెప్పాను. తర్వాతి ఆదివారం ఆమె కర్ర తీసుకుని ఒక్కతే వెళ్లింది.

ఆ రోడ్డు ఇప్పుడు చూడముచ్చటగా ఉంటుంది. తిన్నగా, వెడల్పుగా, మధ్యలో దీపాలతో. పాత దారి ఇరుకే. కానీ మెట్టు, నీడ, స్తంభం, ఒక్కో దుకాణం ముందు ఒక్కో రకం బండ, అన్నీ మనిషికి తానెక్కడున్నాడో చెప్పేవి. కొత్త రోడ్డు కంటికి నచ్చుతుంది, కాలికి ఏమీ చెప్పదు. నాకు రెండు కళ్లూ బాగానే ఉన్నాయి. అయినా ఆ మలుపు దాటగానే నా కాలు ఉత్తపుణ్యానికి పైకి లేస్తుంది, మెట్టెక్కడానికి. ఆ తర్వాత రోడ్డు మధ్యలోకి చూడాలంటే భయమేస్తుంది.

వెళ్లాలనుకుంటే ఆదివారం పొద్దున్నే వెళ్లండి. ఎండ ముదరక ముందే స్టేషన్ నుంచి ఆబిడ్స్‌కు హాయిగా నడవొచ్చు, అక్కడ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలూ పరిచి ఉంటాయి. ఆ దారి తమకు తెలుసనే పెద్దవాళ్లు వెంట ఉంటే, ఏమేం కొట్టేశారో ఇంట్లో కూర్చోబెట్టి ముందే చెప్పండి. రోడ్డు మధ్యలో నిలబడి చెప్పడం చాలా కష్టం.