మామయ్యగారి అరిగిన డిస్కులు

మొన్న ఆదివారం మా అమ్మాయి ఒక చిన్న పెట్టె తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టి, ఇదేమిటో గెస్ చెయ్యమ్మా అంది. విప్పి చూద్దును కదా, ఇనుము అరగదీసే గ్రైండరు, లావుపాటి పెన్నంత ఉంది. వైరు లేదు, గాలి గొట్టం లేదు, పైగా మూతి దగ్గర చిన్న లైటు. వాళ్ళ పెరటి గేటుకి కమ్మీలు కలిసే మూలలో వెల్డింగ్ గరుకుగా మిగిలిపోయి, గేటు తీసినప్పుడల్లా చేతికి గీరుకుంటోందట, దాన్ని నున్నగా చెయ్యడానికి ఆన్‌లైన్‌లో చూసి కొనేసింది. అలాంటి పనిముట్లు ఎంచి ఇవ్వడమే ఒకప్పుడు నా ఉద్యోగమని దానికి తెలుసు గానీ, దాన్ని నేనెందుకు వెంటనే తిరిగి పెట్టెలో పెట్టేశానో తెలియదు. ఆ సంగతి జరిగినప్పుడు అది రెండో క్లాసులో ఉంది, పెద్దవాళ్ళం దాని చెవిన పడనివ్వలేదు.

రెండువేల ఆరో ఏడో, సరిగ్గా గుర్తులేదు. న్యూజెర్సీలో ఐసెలిన్‌కి దగ్గర్లోనే ఉండేవాళ్ళం. నా ఈడు ఆడవాళ్ళకి జ్ఞాపకం ఉండే ఉంటుంది, డిపెండెంట్ వీసా మీద వచ్చి, చదివిన చదువుని సూట్‌కేసులోంచి బయటికి తీసే దారిలేక, గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న రోజులు. గ్రీన్ కార్డు చేతికొచ్చాక నేను నా మెకానికల్ డిప్లొమా దుమ్ము దులిపి, స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకులు, సింకులు చేసే ఒక షాపులో పనిముట్ల గదిలో చేరాను. మా ఆయన టక్ చేసుకుని మన్‌హాటన్ ట్రైన్ ఎక్కితే నేను చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని పనిముట్లు అందించే కిటికీ వెనక నిలబడేదాన్ని, మా స్నేహితుల ఇళ్ళల్లో మాత్రం ఆయన మా ఆవిడ కూడా జాబ్ చేస్తుందండీ అని చెప్పి ఏం జాబో చెప్పకుండా దాటవేసేవారు. వెల్డర్లు వచ్చి తాము నున్నగా చెయ్యవలసిన సందు ఎంత ఇరుకో చేతులతో చూపించేవారు, నేను దానికి తగింది ఇచ్చేదాన్ని. చదును చోటుకి మామూలు యాంగిల్ గ్రైండరు, చెయ్యి పట్టని మూలకి పొడుగు మూతి ఉన్న డై గ్రైండరు, రెండు గొట్టాలు కలిసే సందుకి వేలంత వెడల్పు గరుకు బెల్టు తిరిగే సాండరు. ఇరుకు చూసి పనిముట్టు చెప్పడంలో నాకు నేనే సాటి అని కాస్త గర్వం కూడా ఉండేది, ఎందుకు దాచాలి.

ఆ వేసవిలో మా మామయ్యగారు, అత్తయ్యగారు ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. ఆయన గాజువాక దగ్గర ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో ఫిట్టరుగా చేరి ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి. అందరి మామగార్లూ ఆవకాయ, కందిపొడి, పూతరేకులు తెస్తారు. ఆయన అవన్నీ తెచ్చి, వాటితోపాటు పాత పంచెగుడ్డలో మూటగట్టిన అరిగిపోయిన గ్రైండింగ్ డిస్కులు కూడా తెచ్చారు. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ అతను ఆ మూట విప్పి, అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అర్థం కాక భద్రంగా తిరిగి ఇచ్చేసి, అత్తయ్యగారి కరివేపాకు మాత్రం చెత్తబుట్టలో పడేశాడట. ఆవిడ ఆ కరివేపాకు గురించి వచ్చిన ప్రతి ఫోనులోనూ చెప్పుకున్నారు.

డిస్కుల సంగతి మీకు చెప్పాలి. మన వైపు షెడ్డుల్లో ఏడంగుళాల పెద్ద డిస్కు అరిగి అరిగి అరచేతి వెడల్పుకి వచ్చాక దాన్ని పారెయ్యరు. ఇరుకు మూలల్లోకి దూరేది అదొక్కటే గనక దాచిపెట్టుకుని చిన్న గ్రైండరుకి బిగిస్తారు. కొత్తవి అడిగితే దొరకని కాలంలో పుట్టిన తెలివి అది, తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కానీ పెద్ద డిస్కు నెమ్మదిగా తిరగడానికి చేసింది, చిన్న గ్రైండరు దాన్ని తట్టుకోలేనంత వేగంగా తిప్పుతుంది. పైగా చిన్నదైపోయిన డిస్కు మూలకి అందాలంటే దానిమీద ఉండే ఇనప గార్డు అడ్డం, కాబట్టి గార్డు ఊడబెరికెయ్యాలి. మా షాపులో గార్డు లేకుండా గ్రైండరు పట్టుకున్నవాణ్ణి ఆ క్షణమే ఇంటికి పంపేసేవారు. అన్నిటికీ మించి మామయ్యగారి మూట ఆవకాయ జాడీ పక్కనే ప్రయాణం చేసింది, డిస్కులకి నూనె పట్టింది, నూనె తాగిన డిస్కు పట్టు సడలి పగిలిపోతుంది. ఇవి చెత్తలో వెయ్యాల్సినవండీ మామయ్యగారూ అని నేనంటే ఆయన నవ్వి, ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి గరాజ్ అటక మీద దాచుకున్నారు.

వాటికి పని దొరకడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. మా గుడిలో చెక్కపల్లకి బీటలిచ్చింది. వీధి చివర ఉండే అన్నయ్యగారు, అంటే మా పిల్లలు అంకుల్ అని పిలిచే కుటుంబ స్నేహితుడు, స్టీలు గొట్టాలతో కొత్త పల్లకి తన గరాజ్‌లో చేద్దామని ముందుకొచ్చారు. ఆయనకి వెల్డింగ్ వచ్చు, అతుకులు నున్నగా చెయ్యడం రాదు. మోసేవాళ్ళ భుజాలు ఉత్త భుజాలు, ఎక్కడ గరుకున్నా ఒరుసుకుపోతుంది. మామయ్యగారు ఎగిరి గంతేశారు. అమెరికాలో టీవీ రిమోటు తప్ప మరో పనిముట్టు ముట్టనివ్వలేదని అలిగి ఉన్న మనిషి, ఆ రోజునుంచీ స్నానం, పూజ అయ్యాక ఉద్యోగానికి వెళ్ళినట్టు ఆ గరాజ్‌కి వెళ్ళేవారు.

చదునైన చోట్లన్నీ నున్నగా వచ్చాయి. చిక్కంతా పై మంటపం గొట్టాలు కలిసే మూలల దగ్గర వచ్చింది. నేను షాపులో అడిగి డై గ్రైండరు తెచ్చి అన్నయ్యగారి గాలి కంప్రెసరుకి తగిలించి ఇచ్చాను. మామయ్యగారు దాన్ని మూలలోకి పెట్టబోతే కొస ఒకసారి గాలిలోనే తిరిగింది, ఒకసారి జారి పక్క గొట్టం మీద గీత పెట్టింది. అంత చేయి తిరిగిన మనిషి ఇలా తడబడటమేమిటా అనుకున్నాను. పక్కన పెట్టేసి, "ఏటమ్మా ఇది, బొమ్మ తుపాకీలా ఉంది. కొసెక్కడుందో చేతికి తెలీదు. నా డిస్కయితే కళ్ళు మూసుకున్నా తెలుస్తాది" అన్నారు. మొండితనం అనుకున్నాను. బెల్టు సాండరు సోమవారం తెస్తాను, అందాకా ఆగండి అని చెప్పి, ముఖమంతా కప్పే ప్లాస్టిక్ ఫేస్ షీల్డు ఒకటి ఇచ్చాను. దాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని, "ఇదేటి, నాకు కొత్తపెళ్ళికూతురి మేలిముసుగా?" అని అందరినీ నవ్వించి గోడకి తగిలించేశారు. మేము చూస్తుండగా దాన్ని ఏనాడూ పెట్టుకోలేదు.

శనివారం సాయంత్రం అత్తయ్యగారూ నేనూ ఫ్లాస్కులో టీ పోసుకుని అన్నయ్యగారి గరాజ్‌కి బయల్దేరాం. వీధిలో ఉండగానే గ్రైండరు మోత వినబడింది. ఆ మోత మామూలుగా లేదని నా చెవికి తెలిసింది, రోజంతా వినేదాన్ని కదా, సన్నగా, కీచుమంటూ, తన శక్తికి మించి తిరుగుతున్నట్టు ఉంది. నేను పరుగెత్తబోయేలోగానే ఢామ్మని పేలింది. గ్రైండరు మోత ఆగిపోయింది. వెళ్ళి చూద్దుము కదా, మామయ్యగారు నేలమీద కూర్చుని ఉన్నారు, గడ్డం కింద చీరుకుపోయి చొక్కా ఎర్రగా తడిసిపోతోంది, ఊడదీసిన గార్డు పక్కనే పడి ఉంది. ముఖం మీద నేనిచ్చిన షీల్డు ఉంది. అది అడ్డంగా పగిలి, డిస్కు ముక్క ఒకటి సరిగ్గా కుడికంటికి ఎదురుగా ప్లాస్టిక్‌లో గుచ్చుకుని ఆగిపోయింది. మరో వేలెడు మేర లోపలికి వచ్చి ఉంటే ఏమయ్యేదో అప్పుడూ ఊహించలేకపోయాను, ఇప్పుడూ ఊహించలేను.

ఎమర్జెన్సీలో గడ్డానికి కుట్లు వేశారు. కళ్ళల్లో దుమ్ము పడిందేమోనని కంటి డాక్టరమ్మ వచ్చింది. ఆయనకి ఇంగ్లీషు రాదు గనక మధ్యలో నేను నిలబడ్డాను. ఆయనకి ఎడమపక్క కుర్చీలో అత్తయ్యగారు, తలుపు దగ్గర మా ఆయన. డాక్టరమ్మ కుడికన్ను చూసి బాగుందంది, మా అందరికీ ఊపిరి వచ్చింది. తరువాత కుడికన్ను మూసి, ఎన్ని వేళ్ళు కనబడుతున్నాయో అడగమంది. అడిగాను. ఆయన పలకలేదు. వినబడలేదేమోనని మళ్ళీ అడిగాను. ఆవిడ లైటు వేసి ఎడమకంట్లోకి చాలాసేపు చూసి, ఇది ఇవాళ్టి దెబ్బ కాదు, ఎప్పుడో పాతది, ఈ కంటికి చూపు ఎప్పటినుంచి లేదో అడుగు అంది నాతో. ఆ ప్రశ్నని తెలుగులోకి మార్చవలసిన మనిషిని నేను. అత్తయ్యగారి ఎదురుగా, వాళ్ళ కొడుకు ఎదురుగా ఆ మాట ఎలా అనను? అయినా అడిగాను.

ఆయన కప్పుకేసి చూస్తూ, "పెద్దోడి పురిటికి నువ్వు పుట్టింటికి ఎల్లావు సూడు, అప్పుడే. రవ్వొచ్చి పడింది" అన్నారు, నాతో కాదు, అత్తయ్యగారితో. ఆ పెద్దోడు మా ఆయనే. అంటే మా ఆయనకి ఎంత వయసో అంతకాలంగా ఆయనకి ఎడమకన్ను కనబడదన్నమాట. "ఒంటికన్ను ఫిట్టర్ని షెడ్డులో ఎవుడుంచుకుంటాడు? సూపు పోయింది గానీ కన్ను పైకి బాగానే ఉంది కదాని ఊరుకున్నాను."

మా ఆయన గోడకి ఆనుకుని నిలబడిపోయారు. చిన్నప్పుడు స్కూటరు కొనలేదని, తనతో ఒక్కనాడూ షటిల్ ఆడలేదని, నాన్న పిసినారి అని, ముభావి అని ఈ కొడుకు నాతో ఎన్నిసార్లు చెప్పుకుని నవ్వాడో. పొడుగు మూతి పనిముట్టు కొస ఎక్కడుందో ఆయనకెందుకు తెలియలేదో నాకు అప్పుడు అర్థమైంది. ఒక కంటితో చూసేవాడికి దూరం అంచనా అందదు, కొస మూలకి తగిలిందో లేదో తెలియదు. చేతికి దగ్గరగా తిరిగే ఆ అరిగిన డిస్కు ఒక్కటే ఆయనకి అందే పనిముట్టు. మేలిముసుగని మమ్మల్ని నవ్వించి, మేము అటు తిరగగానే ఆ షీల్డు తొడుక్కునేవారని కూడా తెలిసింది. మిగిలిన కన్ను ఒక్కటే కదా. పేలే డిస్కుకి భయపడటం ఆయనకెవరూ నేర్పలేదు, రవ్వకి భయపడటం మాత్రం ఆయన కన్నే నేర్పింది.

అత్తయ్యగారు ఏడవలేదు, అరవలేదు. "ఏ గుడికెళ్ళినా నన్ను కుడిపక్కకి లాగేవారు. ఆలి ఎడంపక్కుండాలండీ అంటే ఇనేవోరు కాదు" అన్నారు, ఎవరితోనూ కాకుండా. తరువాత లేచి, తను కూర్చున్న కుర్చీని తనే ఎత్తుకుని, మంచం చుట్టూ తిరిగి తెచ్చి, ఆయన కుడిపక్కన వేసుకుని కూర్చున్నారు.

సోమవారం నేను బెల్టు సాండరు తెచ్చి మిగిలిన మూలలు నేనే పూర్తిచేశాను. గడ్డానికి కట్టుతో మామయ్యగారు పక్కన స్టూలు మీద కూర్చుని, నేను చేసిన ప్రతి అతుకునీ బొటనవేలితో తడిమి, ఇక్కడింకా ఉందమ్మా, ఆ ఇప్పుడు పోయింది అని చెప్పేవారు. ఆ వేలికి దొరికిన గరుకు నా రెండు కళ్ళకీ కనబడలేదు. డిస్కుల మూటని ఆయనే తీసుకెళ్ళి చెత్తడబ్బాలో పడేశారు, ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నారు కూడా. పల్లకి ఇప్పటికీ ఆ గుడిలో ఉంది, ఎవరి భుజమూ ఒరుసుకుపోలేదు. ఆయనే లేరు.

ఇప్పటి పిల్లలు తలనొప్పి వచ్చినా వాట్సాప్ గ్రూపులో పెడతారు, మంచిదే, నేను వెక్కిరించను. పనిముట్లు కూడా మనిషి చేతినీ చూపునీ అడిగి తెలుసుకుని తయారైనట్టు వస్తున్నాయి. మా మామయ్యగారి కాలంలో మనిషే పనిముట్టుకి తగ్గట్టు ఒదిగిపోయేవాడు, ఒదిగిపోయానని ఇంట్లోవాళ్ళకి కూడా తెలియనిచ్చేవాడు కాదు. నేను పనిముట్ల గది కిటికీ వెనక నిలబడ్డ అన్నేళ్ళూ సందు ఎంత ఇరుకో అడిగాను గానీ, నీకు ఎంత కనబడుతుందని ఎవర్నీ అడిగిన గుర్తులేదు. అలా అడగాలని ఆ రోజుల్లో ఎవరికీ తోచేది కాదు.

మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు ఆ పెన్ను గ్రైండరు తీసుకుని పెరటి గేటు దగ్గరికి వెళ్ళాను. స్విచ్ వెయ్యకుండానే, ఎడమకన్ను అరచేత్తో మూసుకుని, కొసని ఆ మూలకి ఆనించబోయాను. వాట్ ఆర్ యూ డూయింగ్ అమ్మా అని అది వెనకనుంచి అడుగుతోంది. ఆనిందనే అనుకున్నాను. చెయ్యి తీసి చూస్తే, కొస మూలకి ఇవతలే ఆగిపోయి ఉంది.