ప్రోగ్రాం నెత్తిన శ్రీరామ

ఈ రోజు మధ్యాహ్నమంతా ఉర్లా పారిశ్రామికవాడలో మా ఉక్కు ఫ్యాక్టరీ గేటు దగ్గర లోడు లారీలు నిలబడిపోయాయి. గేట్ పాసులు ముద్రించే ప్రోగ్రాం ఉన్నట్టుండి మొరాయించింది. రాసింది నేనే కాబట్టి తిట్లూ నాకే. నిన్నటిదాకా బాగా నడిచిన కోడ్, ఎన్నిసార్లు చదివినా తప్పు దొరకలేదు. చివరికి, కంటికి కనబడని గుర్తుల్ని కూడా చూపించమని ఆ ప్రోగ్రాం నడిచే యునిక్స్ మెషీన్‌ని అడిగితే, ప్రతి లైను చివరా ^M వేలాడుతోంది. లైను ముగిసిందని చెప్పడానికి విండోస్ అదనంగా పెట్టే గుర్తు అది. యునిక్స్‌కి మాత్రం పంటికింద రాయి.

మా గదిలో విండోస్ ఉన్నది మేనేజరు మూర్తిగారి బల్ల మీదే. ఆయనా నాలాగే ఈ హిందీవాళ్ల ఊళ్లో, రైల్వే కాలనీలో పెరిగిన తెలుగాయన.

"సార్, మీరేమైనా మార్చారా?" అన్నాను.

"అరే, నీ కోడ్ నేనెందుకు ముట్టుకుంటానమ్మా? ఏది రాసినా పైన శ్రీరామ ఉండాలి కదా, నువ్వు మర్చిపోయేవు. మెషీన్ పట్టించుకోకుండా ముందు కామెంట్ గుర్తు పెట్టి అదొక్కటి రాసి సేవ్ చేసేను, బస్!"

ఆయన ఒక్క లైను రాస్తే, విండోస్ అన్ని లైన్లకూ తోకలు తగిలించింది. కూర్చుని ఆ తోకలన్నీ తీసేశాను. శ్రీరామని కొట్టేయడానికి మాత్రం నాకూ చెయ్యి రాలేదు. ప్రింటరు కదిలింది, దాని వెనకే లారీలూ కదిలాయి.

మూర్తిగారు తెర మీది పై లైనుని తాకి కళ్లకద్దుకున్నారు. "దేఖో, ఆయన పేరుంటే పని ఆగుతుందా?"

టిఫిన్ డబ్బా సర్దుకుని ఇంటికొచ్చేశాను. మీ ఆఫీసుల్లో దేవుణ్ణి ఏ మెషీన్‌లో సేవ్ చేస్తారో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.