శాంపిల్ అత్త ఎడమ చెవి

"ఇంతకీ కుట్టాల్సిన చెవి ఎవరిదండీ?"

చెవులు కుట్టే అతను మా అత్తని అడిగిన ప్రశ్న ఇది. అతని తప్పేమీ లేదు. పదహారేళ్ళ నేను జుట్టంతా వెనక్కి దోపుకుని, చెవి ముందుకు పెట్టి నిలబడి ఉన్నాను. యాభై మూడేళ్ళ మా అత్త కళ్ళజోడు తీసి నా చేతికిచ్చి, వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

"ముందు నాది," అంది అత్త. "నాకు బాగుంటే దానిది."

మా నాన్నకి అక్క ఈవిడ. ఆవిడకున్నది ఒకటే జబ్బు. ఇంట్లో ఎవరు ఏ కొత్త పని తలపెట్టినా "ముందు నేను చూస్తా" అంటుంది. అన్నాక ఊరుకోదు, చూస్తుంది. మా అన్నయ్య ఈత నేర్చుకుంటానన్నాడు. అత్త ముందు తను నేర్చుకుంది. వాడు ఇంకా నేర్చుకోలేదు. మా చెల్లెలి పళ్ళకి తీగ వేయించాలన్నారు. అత్త పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆయన కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుంది. ఆయన లైటు వేసి అంతా వెతికి, మీ పళ్ళు బాగానే ఉన్నాయి కదమ్మా అన్నాడట. పళ్ళ సంగతి కాదు బాబూ, కుర్చీ సంగతి చూస్తున్నానందిట. పిల్లలం ఆవిడకి శాంపిల్ అత్త అని పేరు పెట్టాం. ఆవిడ దాన్ని బిరుదులాగే పుచ్చుకుంది.

ఉద్యోగంలోనూ అంతే. బస్‌స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగిందో చెప్పడం ఆవిడ పని. కొత్త రూటు పడితే చాలు, సెలవు రోజున ఆ బస్సెక్కి చివరిదాకా వెళ్ళొచ్చేది. తను ఎక్కని బస్సుని జనానికి ఎక్కమని చెప్పడం మోసమని ఆవిడ వాదన. అందువల్ల కాగితంలో లేని సంగతులు కూడా మైకులో వినిపించేవి. పన్నెండో నంబరు బస్సు నాలుగో ప్లాట్‌ఫాం మీద ఉంది, మూడో వరుసలో కిటికీ అద్దం దిగదు, గాలి కావలసినవాళ్ళు వెనక్కి వెళ్ళండి, ఇలా. పై అధికారి రెండు మెమోలు ఇచ్చాడు. రెండోది ఇచ్చిన సాయంత్రం తనే బస్సెక్కబోతూ, ఏ వరుస మంచిదని ఆవిణ్ణే అడిగాడట.

ఇక నా చెవి. అందరికీ ఉండే కింది తమ్మె మీద కాదు, చెవి పై అంచున గట్టిగా ఉంటుందే, అక్కడ ఒక చిన్న వెండి పుడక పెట్టుకోవాలని నా కోరిక. ఎందుకని అప్పట్లో ఎవరడిగినా చెప్పలేకపోయేదాన్ని. నిజం ఏమిటంటే, అద్దంలో నా మొహం ఇంట్లోవాళ్ళు తలో ముక్కా ఇచ్చి అతికించినట్టుండేది. ముక్కు నాన్నది, నుదురు అమ్మది, గడ్డం ఎవరూ ఒప్పుకోరు గాని అత్తది. ఆ పుడక ఒక్కటైనా నాదై ఉండాలి.

పద్దెనిమిది నిండనివాళ్ళకి కుట్టాలంటే తల్లో తండ్రో వచ్చి ఫారం మీద సంతకం పెట్టాలని ఆ కొట్లో నియమం. అమ్మ మీ నాన్నని అడగమంది. నాన్న చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. పెడచెవిన పెట్టాడు. మా నాన్న వంతెనలు కట్టే ఇంజనీరు. ముప్ఫై టన్నుల లారీలు పోయే వంతెనకి కళ్ళు మూసుకుని సంతకం పెడతాడు. నా చెవికి పెట్టడు. అక్కడ సూది దిగితే చీము పట్టి చెవే ముడుచుకుపోతుందని ఎవరో చెప్పారట. ఆ ఎవరో ఎవరో మాత్రం ఎంత అడిగినా చెప్పలేదు.

అదిగో, ఆ గొడవ మధ్యలో వచ్చి అత్త "ముందు నేను చూస్తా" అంది.

కొట్టతను ఆవిడ చెవి తుడిచి, పెన్నుతో చుక్క పెట్టి, సూది దించి, పుడక తొడిగాడు. అంతా అరనిమిషం. అత్త కళ్ళజోడు పెట్టుకుని, చీమ కుట్టినట్టుంటుందని ఎవరైనా చెబితే నమ్మకు, కందిరీగ అని నాకు వివరం ఇచ్చింది. అయితే ఇక నేను కూర్చుంటానన్నాను, సంతకం సంగతి మరిచిపోయినట్టు నటిస్తూ. అత్త కొట్టతన్ని ఎన్నాళ్ళకి మానుతుందని అడిగింది. ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది అన్నాడతను.

"విన్నావుగా. ఇప్పుడు చూసింది కుట్టడమే. మానడం చూడొద్దూ?"

అలా నా చెవి వెళ్ళి అత్త చెవి వెనక క్యూలో నిలబడింది.

ఆ నెలల్లో అత్త పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. కుడివైపే పడుకోవాలి. దువ్వెన పళ్ళు పుడకకి తట్టుకునేవి. ఆఫీసులో హెడ్‌ఫోన్ సరిగ్గా దాని మీదే కూర్చునేది. ఒకరోజు మైకులో మార్కెట్, ఆసుపత్రి, కాలేజీ, అబ్బా, రైల్వే గేటు మీదుగా బస్సు బయల్దేరుతుందని ఊరంతా వినేలా చెప్పింది. ఒక పెద్దాయన బస్సెక్కి అబ్బాకి ఒక టికెట్టు ఇమ్మన్నాడట. ఈ వయసులో ఇదేం సరదా అని తోటివాళ్ళు నవ్వితే, సరదా కాదమ్మా, సమాచారం అనేది.

రెండో నెలలో తప్పు కూడా చేసింది. చిన్నప్పుడు కమ్మలు కుట్టించుకున్నప్పుడు రోజూ తిప్పమనేవారు కదా అని, పుడకని పొద్దునా సాయంత్రం శ్రద్ధగా తిప్పింది. చెవి వెనక కందిగింజంత కాయ కట్టింది. కొట్టతను చూసి, ఇది రేడియో కాదండీ తిప్పడానికి, ఉప్పునీళ్ళతో కడిగి చేతులు ఒళ్ళో పెట్టుకోండి అని కసిరాడు. కాయ పోవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఆ రెండూ నా ఖాతాలోనే పడ్డాయి.

నాకు ఒళ్ళు మండిన సంగతి ఇంకొకటుంది. ప్రతి ఆదివారం అత్త మా ఇంటికొచ్చి చెవి వార్తలు చదివేది. నాకు కాదు, నాన్నకి. చెవి కావలసింది నాకైతే వివరాలు ఆయనకెందుకు? నాన్న మొదట్లో పేపరు అడ్డం పెట్టుకునేవాడు. మూడో నెలకి పేపరు ముక్కు దాకా దిగింది. కాయ కట్టినప్పుడు అత్త దాచలేదు. జుట్టు పక్కకి తీసి, చూడరా, ఇది నేను తిప్పడం వల్ల వచ్చింది, తిప్పకపోతే రాదు అని చూపించింది. నాన్న మొహం పాలిపోయింది. నా పని అయిపోయిందనుకున్నాను. అయిదో నెలలో ఆయనే, తడి తగిలితే ఏమవుతుందక్కా అని అడిగాడు. ఎనిమిదో నెలలో ఆ చెవిని వేలితో తడిమి చూశాడు. చెవి నున్నగా ఉంది, ఎరుపు లేదు, వాపు లేదు.

ఆ శనివారం ముగ్గురం కొట్టుకి వెళ్ళాం. ఫారం ముందుంది. నాన్న చేతిలో పెన్నుంది. పెన్ను కదలడం లేదు.

"అక్కా, నిజం చెప్పు. నొప్పి ఎంత?"

"సగం మాత్రంత."

నాన్న నవ్వాడు. నవ్వుతూనే సంతకం పెట్టేశాడు. నాకేమీ అర్థం కాలేదు. సగం మాత్ర ఏమిటని అడిగితే ఆయన ఫారం మడతపెడుతూ చెప్పాడు. చిన్నప్పుడు ఆయన మాత్ర మింగేవాడు కాదట. అక్క సగం కొరికి మింగి, పది నిమిషాలు బతికి చూపిస్తేగాని మిగతా సగం నోట్లో పెట్టుకునేవాడు కాదట. బళ్ళో బెంచీ మీద ముందు అక్క కూర్చోవాలి. మంగలి కుర్చీ కూడా అక్కే ముందు ఎక్కాలి. అయిదేళ్ళ మా నాన్న గుమ్మం పట్టుకుని ఏడుస్తుంటే, తొమ్మిదేళ్ళ అత్త "ముందు నేను చూస్తా" అంటూ వెళ్ళేదట.

అంటే ఈతకొలను దగ్గర భయపడింది మా అన్నయ్య కాదు. పళ్ళ డాక్టరు పేరు చెబితే వణికింది మా చెల్లెలూ కాదు. ఎనిమిది నెలలు అత్త చూసింది నా చెవి కోసం కాదు, మా నాన్న చేతి కోసం.

ఇక్కడ ఎవరూ కళ్ళు ఒత్తుకోనక్కర్లేదు. త్యాగం అనే మాట ఆవిడ దగ్గర అంటే మైకులో తిడుతుంది. "అన్నీ నాన్న కోసమేనా అత్తా?" అని అక్కడే అడిగాను.

"మొదట్లో," అంది. "తర్వాత నాకే రుచి మరిగింది. మీ నాన్న పిరికివాడు కాకపోతే నాకు ఈత వచ్చేదా?"

నేను కుర్చీలో కూర్చున్నాను. సూది పొట్లం చింపిన చప్పుడు వినపడగానే నాన్న ఫోన్ వచ్చిందని బయటికి నడిచాడు. ఫోన్ మోగలేదు. సూది దిగింది. కందిరీగే. ఈ విషయంలో ఇంత కచ్చితమైన సమాచారం నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

మేం బయటికొచ్చేసరికి నాన్న రోడ్డుకి అవతలి పక్క నిలబడి, అయిందా అని సైగ చేస్తున్నాడు. ఆ హడావిడిలో డబ్బు కట్టడం మరిచిపోయాడు. అత్త కట్టింది. ఆరువందలు. నాన్న ఆవిడకి ఇంకా ఇవ్వలేదు.